నీళ్లతో చల్లబరిచే అక్వేరియం లైటు చెన్నై ఇంట్లో కట్టుకోవాలంటే

మీరడిగింది క్లుప్తంగా ఇది. వేళచ్చేరి ఫ్లాట్‌లో 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న మొక్కల ట్యాంకు. పైన మూసిన చెక్క హుడ్, దాని లోపల ఖాళీ 12 సెంటీమీటర్లే. ట్యాంకు పడగ్గదిలో ఉంది కాబట్టి ఫ్యాన్ల చప్పుడు పనికిరాదు. అందుకని 160 వాట్ల ఎల్ఈడీ లైటు సొంతంగా కట్టుకుని, కిటికీలకు వాడే అల్యూమినియం సెక్షన్ మీద ఎల్ఈడీలు బిగించి, ఆ సెక్షన్ లోంచి ట్యాంకు నీళ్లనే చిన్న పంపుతో తిప్పాలని మీ ఆలోచన. బయటి దేశాల వాళ్లు అలాగే చేసి హీటర్ కరెంటు కూడా మిగుల్చుకుంటున్నారని వీడియోల్లో చూశారు. ట్యాంకులో నియాన్ టెట్రాలు, చెర్రీ రొయ్యలు ఉన్నాయి.

మీ పద్ధతిలో ఎల్ఈడీలు చల్లగా ఉంటాయి, అందులో అనుమానం లేదు. నా భయమంతా మీ రొయ్యల గురించి.

నేను విల్లివాక్కంలో ఉంటాను, కొళత్తూరు చేపల దుకాణాలు మాకు పక్కనే. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నీళ్లతో చల్లబరిచే లైట్లు నాకూ స్నేహితులకూ కలిపి ఆరు కట్టాను, అందులో మొదటి రెండూ విప్పేయాల్సి వచ్చింది. మీరు గీసిన బొమ్మ అచ్చం నా మొదటి లైటే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వేడి లెక్క చూద్దాం. పాత బల్బు వేడిలో చాలా భాగం వెలుగుతో పాటే ముందుకు వచ్చేస్తుంది. ఎల్ఈడీ అలా కాదు, దాని వేడి వెనక వైపు నుంచి, లోహం ద్వారానే బయటికి పోవాలి. మంచి తెల్ల ఎల్ఈడీ తీసుకున్న కరెంటులో ఇంచుమించు 40 శాతాన్ని వెలుగుగా మారుస్తుంది, మిగతాది వేడే. మీ 160 వాట్లలో 95 వాట్ల దాకా ప్లేటులోకి దిగుతుంది. నీళ్లు ఈ వేడిని మాయం చేయవు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తాయి, అంతే. మీ డిజైన్‌లో మోసుకెళ్లి ట్యాంకులో దింపుతున్నాయి.

మీ ట్యాంకులో మట్టి, రాళ్లు పోను 400 లీటర్ల నీళ్లు ఉంటాయనుకుందాం. రోజుకు 8 గంటలు 95 వాట్ల వేడి అందులో కలిస్తే, ఏమీ బయటికి పోకపోతే ఆ నీళ్లు 1.6 డిగ్రీలు పెరుగుతాయి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. మొక్కల మీద పడే వెలుగు కూడా చివరికి దాదాపు అంతా వేడిగానే మారుతుంది. ఆ 65 వాట్ల వల్ల ఇంకో డిగ్రీ ఎలాగూ పెరుగుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. రెండూ కలిస్తే రెండున్నర డిగ్రీలు దాటుతుంది. ఆవిరి, అద్దాల వల్ల కొంత తగ్గుతుందనుకోండి. కానీ చెన్నైలో సముద్రపు తేమ వల్ల ఆవిరి అంత సులువుగా పోదు, పైగా మీ హుడ్ మూసి ఉంది.

మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు వాటంతట అవే 31, 32 డిగ్రీలకు వస్తాయి. నియాన్ టెట్రాలకు 27 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టే మంచినీళ్లు 32 దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటాయి. మీరు మొక్కల కోసం వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా వేడి నీళ్లలో తక్కువే కరుగుతుంది. అలాంటప్పుడు లైటు వేడిని కూడా తీసుకెళ్లి అందులోనే పోయడమంటే ఆ చేపల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. వీడియోల్లో చూసినవాళ్లు చలి దేశాల్లో ఉన్నారు, వాళ్లకు ఆ వేడి కలిసొస్తుంది. బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా బావమరిది కూడా డిసెంబరు, జనవరిలో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంతో అలాగే చేస్తాడు, అక్కడ ఆ రాత్రులకు అది సరైన పనే. చెన్నైలో నా హీటరు ఇప్పటిదాకా డబ్బాలోంచి బయటికి రాలేదు.

రెండో కారణం లోహం. నా మొదటి లైటులో అల్యూమినియం సెక్షన్ లోంచి ట్యాంకు నీళ్లు తిప్పాను. ఎనిమిది నెలలకు ధార సన్నబడింది. చివర బిరడా విప్పి చూస్తే లోపల గోడల నిండా తెల్లగా, గంజి చల్లారి గడ్డకట్టినట్టు జిగురు పేరుకుని ఉంది. వేలితో తుడిస్తే కింద లోహం నున్నగా లేదు, గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. అదంతా అల్యూమినియం కరిగి వచ్చినదే. మన బోరు నీళ్ల ఉప్పు, ఎరువులు, కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చే పులుపు, మూడూ కలిసి దాన్ని తినేశాయి.

పోనీ రాగి గొట్టం వాడదామంటారా, ట్యాంకు నీళ్లకు అది ఇంకా ప్రమాదం. ఒక స్నేహితుడు ఏసీ కాపర్ పైపులోంచి ట్యాంకు నీళ్లు తిప్పాడు. ముందు నత్తలు పెంకులోంచి బయటికి రావడం మానేశాయి. తర్వాత రొయ్యలు ఒక్కొక్కటిగా పక్కకు ఒరిగి, కాళ్లు మాత్రం ఆడిస్తూ పడి ఉండేవి. పది రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు, చేపలకు మాత్రం ఏమీ కాలేదు. సముద్రపు చేపలకు పరాన్నజీవుల జబ్బు చేస్తే లీటరుకు 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాముల రాగితో వైద్యం చేస్తారు, అప్పుడు రొయ్యలున్న ట్యాంకులో అసలు వేయరు, చేపల్ని వేరే ట్యాంకుకు మారుస్తారు. మీ 400 లీటర్లకు ఆ మోతాదు కట్టి చూడండి, 80 మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు.

కాబట్టి నా సలహా: ట్యాంకు నీళ్లను లైటు దరిదాపులకు రానివ్వకండి. లైటుకు దాని సొంత నీళ్లు, సొంత గొట్టం, సొంత రేడియేటరు ఉండాలి. ఆ రేడియేటరు మీ పడగ్గదిలో కూడా ఉండక్కర్లేదు. నాలుగు మీటర్ల గొట్టం వేసి యుటిలిటీలోనో బాల్కనీలో నీడపట్టునో పెట్టండి. ఫ్యాన్ల చప్పుడు అక్కడే ఉంటుంది, వేడీ గది బయటికి పోతుంది, ఏసీ వేసిన రోజు దాని మీద ఆ భారం కూడా పడదు. మీకు కావలసింది అదే కదా.

"బయట గాలే 36 డిగ్రీలుంటే నీళ్లు చల్లబడేదెలా" అని అనుమానం వస్తుంది. చల్లబడవు, చల్లబడాల్సిన పని కూడా లేదు. మీ చేపలకు 26 కావాలి, ఎల్ఈడీకి అక్కర్లేదు. లోపలి చిప్ 85 డిగ్రీల లోపు ఉంటే ఏళ్ల తరబడి పని చేస్తుంది. నా లైటులో మే నెల మధ్యాహ్నం గాలి 35 ఉంటే తిరిగే నీళ్లు 41, ప్లేటు 44 చూపిస్తాయి. చిప్ అంతకంటే పదిహేను డిగ్రీలు ఎక్కువనుకున్నా 60 దాటదు. పైగా నీళ్లు గది గాలికంటే వెచ్చగా ఉండటం ఒక వరం. గొట్టం మీద చెమట పట్టదు, చుక్కలు ట్యాంకులో పడవు. ఎవరైనా చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) నీళ్లు ఇందులో కలపమంటే మాత్రం వద్దనండి, అప్పుడు హుడ్ లోపలంతా చెమటే.

ఇక కట్టే విధానం. కిటికీ సెక్షన్ వదిలేయండి. దాని రెండు చివరలూ ఎపాక్సీతో మూయాలి, ఆ అతుకు సరిగ్గా నీళ్ల పైనే ఉంటుంది. అల్యూమినియం మీద ఎపాక్సీ పట్టు రోజూ వేడెక్కి చల్లారడంతో వదులవుతుంది. నా రెండో లైటు పోయింది ఇలాగే. ట్యాంకు పైభాగంలో ఒక్క జాయింటు కూడా ఉండకూడదన్న నియమం అప్పటి నుంచి పెట్టుకున్నాను.

900 మి.మీ. పొడవు, 150 వెడల్పు, 10 మందం ఉన్న అల్యూమినియం ప్లేటు తీసుకోండి. బరువు 3.6 కిలోలు వస్తుంది, అందుకని దాన్ని హుడ్ చెక్కకో అద్దానికో కాకుండా గోడకు స్టీలు బ్రాకెట్లు వేసి వేలాడదీయండి. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మిల్లింగ్ చేసే చిన్న వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. ప్లేటు వెనక వైపు పొడవునా రెండు గాడులు కొట్టించండి. 10 మి.మీ. గుండ్రటి మొన ఉన్న కట్టర్‌తో 5 మి.మీ. లోతు, రెండింటికీ మధ్య 48 మి.మీ. దూరం. ఏసీలకు వాడే మూడు బై ఎనిమిది అంగుళాల మెత్తటి కాపర్ పైపు వెలుపలి కొలత 9.5 మి.మీ., అందులో సగం దాకా కూర్చుంటుంది. 48 ఎందుకంటే, ఆ సైజు పైపును ఏసీ మెకానిక్ బెండర్‌తో వంచితే యూ బెండు ఇంచుమించు అంత వెడల్పు వస్తుంది. మీ వీధి ఏసీ మెకానిక్‌ని పిలిస్తే ఆ వంపు ఐదు నిమిషాల పని. ఒకే పైపు, ఒకే వంపు, రెండు చివరలూ ట్యాంకు అంచు దాటి ఒక జానెడు బయటికి రావాలి. రబ్బరు గొట్టం క్లిప్పులు అక్కడే.

గాడిలో థర్మల్ పేస్టు (వేడిని సులువుగా దాటించే లేపనం) రాసి పైపు పెట్టి, పైనుంచి అల్యూమినియం పట్టీలు అడ్డంగా వేసి స్క్రూలతో బిగించండి. బయట కనిపించే రాగికి రెండు పూతలు ఎపాక్సీ పెయింటు వేయండి. హుడ్ లోపలి తేమకు రాగి చిలుము పట్టి పొడిగా రాలితే, ఇందాక చెప్పిన లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లైటు కింద 4 మి.మీ. యాక్రిలిక్ షీటు కూడా తప్పనిసరి.

రేడియేటరు విషయంలో లోహం చూసి కొనండి. కంప్యూటర్లకు సీలు చేసి వచ్చే రెడీమేడ్ కూలర్లలో ఎక్కువ భాగం అల్యూమినియంవి. రాగి గొట్టం, అల్యూమినియం రేడియేటరు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తొందరగా తినేయబడుతుంది. విడిగా అమ్మే కాపర్, ఇత్తడి రేడియేటరు, రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టేది తీసుకోండి, 95 వాట్లకు ధారాళంగా సరిపోతుంది. అది ఖరీదనిపిస్తే పాత ఏసీ కాయిల్ కూడా పనికొస్తుంది. చాలా పాత కాయిళ్లలో గొట్టాలు రాగివి, రెక్కలు మాత్రమే అల్యూమినియంవి, కాబట్టి నీళ్లకు రాగే తగులుతుంది. గొట్టం నిజంగా రాగిదో కాదో గీకి చూసుకోండి. లోపలున్న కంప్రెసరు ఆయిల్ పోయేదాకా సబ్బు నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో పలుమార్లు కడగాలి. నేను ఇప్పుడు వాడుతున్నది అలాంటిదే.

పంపు గురించి ఎక్కువ ఆలోచించకండి. నిమిషానికి 2 లీటర్లు తిరిగితే 95 వాట్ల వేడికి నీళ్లు ఒక డిగ్రీ కూడా పెరగవు. 12 వోల్టుల బ్రష్‌లెస్ పంపు, మూడు మీటర్ల ఎత్తుకు తోసేది చాలు.

లోపల పోసే నీళ్లు డిస్టిల్డ్ వాటర్. కారు కూలెంట్ పోయొద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, అదీ ట్యాంకు పైనుంచి తిరుగుతోంది. గడ్డకట్టే దేశాల్లో దాని అవసరం ఉంటుంది, మనకేం పని. గొట్టం నల్లటి రబ్బరుది వాడండి, పారదర్శకమైనదైతే లోపల పాచి పడుతుంది. సిలికాన్ గొట్టంలోంచి ఆవిరి నెమ్మదిగా పోతుంది, అదీ వద్దు. మొత్తం నీళ్లు లీటరున్నర మించకుండా చూసుకోండి. ఏ అర్ధరాత్రో కారినా ట్యాంకులో పడేది ఆ లీటరున్నర శుభ్రమైన నీళ్లే.

ఎల్ఈడీలు 48 పెట్టండి, పదహారేసి మూడు వరుసలు. వరుసల మధ్య కూడా 48 మి.మీ. పెడితే వెనకున్న రెండు గాడులూ సరిగ్గా వరుసల సందుల్లోకి వస్తాయి, స్క్రూ రంధ్రాలు గాడుల్ని తాకవు. 36 తెల్లవి, 6 ముదురు ఎరుపు 660 నానోమీటర్లవి, 6 రాయల్ బ్లూ 450వి. వేడికి తెల్లవాటికంటే ఎర్రవి చాలా ఎక్కువగా మసకబారతాయి. మొక్కల ఎరుపు రంగు బాగా కనిపించేది వీటి వల్లే కాబట్టి నీళ్ల శ్రమకు అసలు ఫలితం అక్కడే తెలుస్తుంది.

ప్రతి ఎల్ఈడీ ఒక 20 మి.మీ. నక్షత్రం బిళ్ల మీద అంటించి వస్తుంది, రిచ్చీ స్ట్రీట్‌లో స్టార్ అని అడిగితే ఇస్తారు. బిగించే పని నిదానంగా చేయండి. ప్లేటును ముందు సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. బియ్యపు గింజంత థర్మల్ పేస్టు స్టార్ మధ్యలో పెట్టి, బొటనవేలితో నొక్కి అటూ ఇటూ కొంచెం తిప్పాలి. ముందు జారుతుంది, తర్వాత బంకలా పట్టుకుంటుంది. అంచుల వెంబడి సన్నని గీతలా పేస్టు కనబడితే సరిపోయింది. చుట్టూ పొంగి కారితే ఎక్కువైనట్టే, తుడిచి మళ్లీ పెట్టండి. తర్వాత రెండు ఎం-3 స్క్రూలు కొంచెం కొంచెంగా, ఒకటి మార్చి ఒకటి బిగించాలి. ఒకే వైపు పూర్తిగా బిగిస్తే రెండో అంచు లేస్తుంది, ఆ లేచిన ఎల్ఈడీయే అందరికంటే ముందు పోతుంది. స్క్రూ తల కింద నైలాన్ వాషరు మర్చిపోవద్దు, లేకపోతే సోల్డర్ చుక్కకు తగిలి షార్టవుతుంది. 48 పూర్తయ్యాక ప్రతి సోల్డర్ చుక్కకూ ప్లేటుకూ మధ్య మల్టీమీటరుతో చూడండి, ఒక్కటి కూడా బీప్ అనకూడదు.

కరెంటు దగ్గర మొహమాటపడకండి. పన్నెండేసి ఎల్ఈడీలు ఒకదాని వెంట ఒకటి (సిరీస్‌లో) కలిపి నాలుగు కట్లు, ఒక్కోదానికి 1 యాంపియర్ కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరు, అంటే ఎల్ఈడీలకు ఎప్పుడూ ఒకే కరెంటు అందించే పరికరం. తెల్లవాటికి 40 వోల్టుల చుట్టుపక్కల వస్తుంది, ఎరుపు కలిసిన కట్టుకు ఇంకా తక్కువ, కాబట్టి డ్రైవరు పరిధి చూసి కొనండి. డ్రైవరు ఐసొలేటెడ్ రకమేనా అని తప్పకుండా అడగండి. చవకవి కొన్నింటిలో లోపల 230 వోల్టులకూ ఎల్ఈడీ వైరుకూ మధ్య ఏ అడ్డూ ఉండదు. మీరు ట్యాంకులో చెయ్యి పెట్టి మొక్కలు కత్తిరిస్తారు, ఆ రకం డ్రైవరు ఇంట్లోకి రానివ్వకండి. ప్లేటుకు ఎర్త్ వైరు, ఆ ప్లగ్గుకు వెనక 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి. డ్రైవర్లన్నీ కిందనో గోడ మీదనో ఒక డబ్బాలో పెట్టండి, హుడ్ లోకి 230 వోల్టుల వైరు అసలు రావొద్దు.

పంపు ఆగిపోతే ఎలా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. అంత మందం ప్లేటు 44 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది, అంటే మనకు సమయం ఉంది. 60 డిగ్రీలకు తెరుచుకుని కరెంటు ఆపే బిళ్ల థర్మోస్టాట్ ఒకటి ప్లేటుకు బిగించండి. పంపు అడాప్టర్ నుంచి వచ్చే 12 వోల్టులు ఈ థర్మోస్టాట్ గుండా వెళ్లి డ్రైవర్ల డబ్బాలోని రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్) పట్టి ఉంచాలి, డ్రైవర్లకు కరెంటు ఆ రిలే ద్వారానే వెళ్లాలి. అడాప్టర్ పోయినా, పంపు ఇరుక్కుని ప్లేటు కాలినా, రెండు సందర్భాల్లోనూ లైటు దానంతటదే ఆరిపోతుంది. ఊరెళ్లినప్పుడు నాకు నిద్ర పట్టేది దీని వల్లే. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పంపూ లైటూ ఒకే లైన్ మీద ఉన్నాయో లేదో చూసుకోండి. లైటు ఇన్వర్టరు మీద, పంపు మెయిన్ మీద ఉన్న ఇల్లు ఒకటి చూశాను.

ఖర్చు గురించి అడగలేదు కానీ చెప్పాలి. డబ్బు మిగులుతుందని ఇది కట్టకండి, మిగలదు. మీ హుడ్ తెరిచి ఉండి, ట్యాంకు హాల్లో ఉండుంటే రెక్కల హీట్‌సింక్, రెండు నెమ్మది ఫ్యాన్లు చాలని చెప్పేవాణ్ని. మీకు ఎత్తు లేదు, చప్పుడు కుదరదు, అందుకే నీళ్ల దారి సరైనదంటున్నాను. మే నెలలో ట్యాంకు వేడి తగ్గించడం మాత్రం ఈ లైటు పని కాదు. దానికి హుడ్ వెనక పలక రెండు చోట్ల కోసి గాలి ఆడనివ్వండి, ఆ నెల లైటు ఆరు గంటలకు తగ్గించండి. ఒక లీటరు నీరు ఆవిరైతే తనతో పాటు 670 వాట్-అవర్ల వేడిని పట్టుకుపోతుంది, మీ లైటు ప్లేటు ఏడు గంటల్లో ఇచ్చేంత. తేమ తక్కువున్న రోజు దాని ముందు ఏ ఏర్పాటూ నిలవదు.

అన్నీ బిగించాక వెంటనే ట్యాంకు మీదికి ఎక్కించకండి. రెండు కుర్చీల మధ్య ప్లేటు పెట్టి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, మొదటి రోజు నీళ్లు మాత్రమే తిప్పండి. తడి మచ్చ పడితే కాగితం మీద ఇట్టే తెలుస్తుంది. రెండో రోజు డిమ్మర్ తగ్గించి వెలిగించండి, మూడో రోజు నుంచి పూర్తిగా, రోజుకు 8 గంటల చొప్పున వారం. మధ్యలో ఒకసారి పంపు వైరు పీకి, రిలే టక్కున పడుతుందో లేదో గడియారం పెట్టుకుని చూడండి. ఎక్కించాక నెలకోసారి లైటు నీళ్ల డబ్బాలో నీటి మట్టం చూడటం, ఏడాదికోసారి ఆ నీళ్లు మార్చడం.

గాడులు కొట్టించే ముందు ప్లేటు డ్రాయింగ్ కొలతలతో సహా ఇక్కడ పెట్టండి, రంధ్రాలకూ గాడులకూ మధ్య దూరం నేనొకసారి చూసి చెబుతాను.